మొలాసెస్ వేసినా రుబీడియం మేఘం 160 మైక్రోకెల్విన్ దిగట్లేదు. ముందు ఏది చూడాలి?

చల్లని_అణువు

నమస్కారం. రుబీడియం-87తో మాగ్నెటో ఆప్టికల్ ట్రాప్ (లేజర్ కాంతి, అయస్కాంత క్షేత్రం కలిసి అణువుల్ని పట్టి ఉంచే ఉచ్చు) స్థిరంగా నిలుస్తోంది. దాని తర్వాత వేసే ఆప్టికల్ మొలాసెస్ దశ (క్షేత్రం ఆపి, కాంతితోనే ఇంకా చల్లబరిచేది) మాత్రం దాదాపు ఏ పనీ చేయట్లేదు. ఏర్పాటు మొత్తం రాస్తున్నాను.

కూలింగ్ లేజర్ 780.24 నానోమీటర్ల డీ2 రేఖ మీద, ఎఫ్=2 (గ్రౌండ్ స్థాయిలోని రెండు ఉపస్థాయిల్లో పైది) నుంచి వెళ్లే 1-3 క్రాసోవర్‌కి, అంటే ఎక్సైటెడ్ స్థాయిలోని ఎఫ్'=1, ఎఫ్'=3 రేఖలకి సరిగ్గా మధ్యలో వచ్చే సిగ్నల్‌కి, లాక్ అయి ఉంది. అక్కడి నుంచి 80 మెగాహెర్ట్జ్ ఏఓఎం (ధ్వని తరంగంతో కాంతి ఫ్రీక్వెన్సీని జరిపే పరికరం) డబుల్ పాస్‌తో, అంటే రెండుసార్లు పంపి, పైకి జరిపి, దాన్ని టేపర్డ్ యాంప్లిఫయర్‌లోకి (లేజర్ పవర్ పెంచే చిప్) సీడ్‌గా, అంటే ఇన్‌పుట్ కాంతిగా, ఇస్తున్నాం. యాంప్లిఫయర్ తర్వాత ఫైబర్, ఆ తర్వాత మూడు రెట్రో కిరణాలు (అద్దం తగిలి అదే దారిలో వెనక్కి వచ్చేవి). ఒక్కోటి 20 మిల్లీవాట్లు, వ్యాసం 20 మిల్లీమీటర్లు. రీపంప్ (ఎఫ్=1లోకి జారిన అణువుల్ని తిరిగి తెచ్చేది) వేరే డయోడ్ లేజర్, ఎఫ్=1 నుంచి ఎఫ్'=2 మీద.

చాంబర్ స్టెయిన్‌లెస్ స్టీల్. కాయిల్స్ బయట, పైనా కిందా. ఒక్కోదానిలో 100 చుట్లు, వ్యాసార్ధం 5 సెం.మీ., వాటి మధ్య దూరం కూడా 5 సెం.మీ. 2.8 ఆంపియర్లకు అక్షం వెంట సెం.మీ.కి 12 గాస్. ఆపడానికి మాస్‌ఫెట్, కాయిల్ మీద అడ్డంగా ఒక ఫ్రీవీల్ డయోడ్.

వరుస ఇలా: 3 సెకన్లు లోడింగ్, డిట్యూనింగ్ (రెజోనెన్స్ నుంచి లేజర్ ఫ్రీక్వెన్సీ ఎంత దూరమో) మైనస్ 15 మెగాహెర్ట్జ్. తర్వాత కాయిల్స్ ఆపి 1 మిల్లీసెకను ఆగి, 5 మిల్లీసెకన్ల మొలాసెస్. అందులో డిట్యూనింగ్ మైనస్ 50కి దించి, ఏఓఎం ఆర్‌ఎఫ్ తగ్గించి సీడ్‌ను నాలుగో వంతు చేస్తున్నాం. తర్వాత కాంతి అంతా ఆపి 3, 6, 9 మిల్లీసెకన్ల దగ్గర ఫ్లోరసెన్స్ ఫొటో. అణువులు సుమారు 10 కోట్లు.

మొలాసెస్ లేకుండా 210 మైక్రోకెల్విన్, వేస్తే 160. పైగా మేఘం కిందకే కాకుండా ఒక పక్కకి కూడా జరుగుతోంది, 9 మిల్లీసెకన్లకు సుమారు 0.9 మిల్లీమీటర్లు.

దీన్ని 1064 నానోమీటర్ల డైపోల్ ట్రాప్‌లోకి (ఫోకస్ చేసిన కాంతి ఒక్కటే అణువుల్ని పట్టి ఉంచే ఉచ్చు) ఎక్కించాలి. 5 వాట్లు, 50 మైక్రాన్ల నడుము, అంటే లోతు దాదాపు 200 మైక్రోకెల్విన్. 160 దగ్గర ఉన్న మేఘం అందులో నిలవదు. పోలరైజేషన్లా, పవరా, అయస్కాంత క్షేత్రమా, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

తీగచుట్ట

క్షేత్రం దగ్గర మొదలుపెట్టండి. మీరు రాసినదాంట్లోనే రెండు ఆధారాలు ఉన్నాయి.

రుబీడియంకి డాప్లర్ హద్దు (మామూలు డాప్లర్ కూలింగ్ దిగగల అతి తక్కువ ఉష్ణోగ్రత) 146 మైక్రోకెల్విన్, 160 దానికి దగ్గరగా ఉంది కాబట్టి అక్కడ ఆగిందనిపిస్తుంది. అలా తీసుకోకండి. 146 వచ్చేది డిట్యూనింగ్ సహజ వెడల్పులో సగం, అంటే 3 మెగాహెర్ట్జ్ ఉన్నప్పుడు మాత్రమే. మైనస్ 50 దగ్గర డాప్లర్ కూలింగ్ ఒక్కటే పనిచేస్తే సమతాస్థితి 1 మిల్లీకెల్విన్ పైనే ఉంటుంది. కాబట్టి మీ దగ్గర సబ్-డాప్లర్ కూలింగ్ (ఆ హద్దు కిందకి దించేది) కొంత జరుగుతూనే ఉంది, దాన్ని ఏదో పాడుచేస్తోంది. పూర్తిగా లేకపోవడం వేరు, ఉండి చెడిపోవడం వేరు. పోలరైజేషన్లు తారుమారైతే అసలు ట్రాపే నిలిచేది కాదు.

ఇప్పుడు మీ పక్కవాటు కదలిక. ఎదురెదురు సిగ్మా ప్లస్, సిగ్మా మైనస్ (వ్యతిరేక దిశల్లో తిరిగే వృత్తాకార పోలరైజేషన్) కిరణాల మధ్య సరళ పోలరైజేషన్ దిశ ఒక తరంగదైర్ఘ్యానికి ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. కదిలే అణువుకి అది తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. కిరణం వెంట మిగులు క్షేత్రం ఉంటే అణువు స్పిన్ కూడా లార్మర్ వేగంతో (క్షేత్రం పెరిగేకొద్దీ పెరిగే తిరుగుడు వేగం) తిరుగుతుంది. ఈ రెండు తిరుగుళ్లూ సరిపోయే వేగం దగ్గరికి అణువులన్నీ చేరతాయి. అంటే మొలాసెస్ మేఘాన్ని చల్లబరుస్తుంది, కానీ నిలబెట్టదు, ఒక వేగంతో నడిపిస్తుంది. ఎఫ్=2 స్థాయికి లార్మర్ ఫ్రీక్వెన్సీ గాస్‌కి 0.7 మెగాహెర్ట్జ్. దాన్ని 780 నానోమీటర్లతో గుణిస్తే 100 మిల్లీగాస్‌కి సెకనుకు 5.5 సెం.మీ. మీది 9 మిల్లీసెకన్లలో 0.9 మిల్లీమీటర్లు, అంటే సెకనుకు 10 సెం.మీ. ఆ దిశలో దాదాపు 180 మిల్లీగాస్ మిగిలి ఉందన్నమాట. కిరణాల అసమతౌల్యం కూడా ఇలాగే నెడుతుంది కాబట్టి ఇది అంచనాకే. అయినా మంచి అంచనా.

180 మిల్లీగాస్ ఎక్కువా తక్కువా అంటే, మీ కాంతితో పోల్చాలి. ఆరు కిరణాలూ కలిపి సగటున సెం.మీ. చదరానికి 38 మిల్లీవాట్లు, నిజంగా నాలుగో వంతుకి తగ్గితే 9.5. మైనస్ 50 దగ్గర ఒక్కో అణువు సెకనుకు సుమారు 1.9 లక్షల ఫోటాన్లు వెదజల్లుతుంది. లార్మర్ తిరుగుడు ఈ రేటుని దాటితే ఆప్టికల్ పంపింగ్ వెనకబడిపోతుంది. లెక్క వేస్తే ఆ గీత దాదాపు 40 మిల్లీగాస్ దగ్గర పడుతుంది. మీరు నాలుగున్నర రెట్లు పైన ఉన్నారు. ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది: కాంతి తగ్గించేకొద్దీ క్షేత్రం ఇంకా సున్నాకి దగ్గరగా ఉండాలి. పవర్ తగ్గిస్తే ఉష్ణోగ్రత పెరిగిందంటే పవర్‌ని కాదు, క్షేత్రాన్ని అనుమానించాలి.

రెండో ఆధారం మీ డయోడ్. ఆ కాయిల్స్ రెండూ సిరీస్‌లో 2.4 మిల్లీహెన్రీ దగ్గర ఉంటాయి. 1 మిల్లీమీటరు తీగ అయితే నిరోధం 1.4 ఓమ్‌లు. మాస్‌ఫెట్ తెరవగానే కరెంటు డయోడ్ గుండా తిరుగుతుంది. డయోడ్ మీద 0.7 వోల్టు పడుతుంది కాబట్టి సున్నాకి చేరడానికి సుమారు 3.2 మిల్లీసెకన్లు. మీరు ఆగేది 1. అంటే మొలాసెస్‌లో మొదటి 2 మిల్లీసెకన్లకు పైగా గ్రేడియెంట్ (దూరంతో మారే క్షేత్రం) ఇంకా ఉంది. మేఘం కేంద్రంలో సున్నా అయినా, 1 మిల్లీమీటరు దూరంలో అణువుకి వందల మిల్లీగాస్ కనిపిస్తాయి. దానికి తోడు స్టీల్ చాంబర్‌లో ఎడ్డీ కరెంట్లు (క్షేత్రం మారినప్పుడు లోహంలో పుట్టేవి) ఇంకొన్ని మిల్లీసెకన్లు ఉంటాయి.

డయోడ్‌కి సిరీస్‌లో ఒక ట్రాన్సియెంట్ సప్రెసర్ పెట్టండి, 60 వోల్టుల దగ్గర పట్టేది. అప్పుడు 2.8 ఆంపియర్లు 0.11 మిల్లీసెకన్లలో పోతాయి. మాస్‌ఫెట్ కనీసం 150 వోల్టులది ఉండాలి. 60 వోల్టుల మాస్‌ఫెట్ ఉంచి ఈ పని చేస్తే మొదటి స్విచింగ్‌కే కాలిపోవచ్చు. ఎడ్డీ కరెంట్లను ఇది తగ్గించదు, ప్రారంభంలో పెంచుతుంది కూడా. కానీ అవి ఎప్పుడు మొదలయ్యాయో కచ్చితంగా తెలుస్తుంది, ఎంతసేపు ఆగాలో కొలవచ్చు. కాయిల్ కరెంటుని హాల్ ప్రోబ్‌తో చూస్తే ఎడ్డీ కనిపించదు. 20 చుట్ల చిన్న పికప్ కాయిల్‌ని వ్యూపోర్ట్‌కి ఆనించి ఆసిల్లోస్కోప్‌లో చూడండి.

ఆగే సమయంలో కాంతి ఆపకండి. చీకట్లో 5 మిల్లీసెకన్లు ఆగితే మేఘం పెరిగిపోతుంది. మైనస్ 15 నుంచి 25 దగ్గర పూర్తి పవర్‌తో మొలాసెస్ ఉంచి, క్షేత్రం పోయాక పవర్, డిట్యూనింగ్ మార్చండి.

స్థిర క్షేత్రాన్ని రద్దు చేయడానికి మూడు జతల బయాస్ కాయిల్స్. 15 సెం.మీ. వ్యాసార్ధం, 20 చుట్లు, హెల్మ్‌హోల్ట్జ్ దూరం అయితే ఆంపియరుకి 1.2 గాస్. 10 మిల్లీగాస్ అంటే 8 మిల్లీఆంపియర్లు. కాబట్టి కరెంటు సప్లై మిల్లీఆంపియరు స్థాయిలో నిలకడగా ఉండాలి. ప్రతి అక్షంలో బయాస్ కరెంటు మారుస్తూ కదలిక వేగం గీయండి, సరళ రేఖ వస్తుంది. అది సున్నాని దాటే చోటు మీకు కావాల్సిన కరెంటు. దాన్నే కాంతి పవర్ సగం చేసి మళ్లీ తీయండి. సున్నా చోటు జరిగిందంటే కిరణాల అసమతౌల్యం కూడా ఉన్నట్టు. పూత లేని కిటికీల గుండా వెళ్లి వచ్చిన రెట్రో కిరణం 15 శాతం దాకా బలహీనమవుతుంది.

అయాన్ పంప్ అయస్కాంతం చాంబర్‌కి దగ్గరుంటే అది గ్రేడియెంట్ ఇస్తుంది, బయాస్ కాయిల్స్‌తో పోదు. దూరం జరపడం, లేదా కవచం వేయడం తప్ప దారి లేదు.

కెల్విన్_లెక్క

క్షేత్రం గురించి తీగచుట్ట గారు చెప్పింది సరైనదే. దానికి ముందు మీ కొలత నిలుస్తుందో లేదో చూడాలి. లేకపోతే క్షేత్రం సరిచేశాక వచ్చిన మార్పు కూడా మీకు కనిపించదు.

మేఘం వెడల్పు వర్గం = మొదటి వెడల్పు వర్గం + (బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం × ఉష్ణోగ్రత ÷ ద్రవ్యరాశి) × కాలం వర్గం. 160 మైక్రోకెల్విన్‌కి వేగం సెకనుకు 12 సెం.మీ., 9 మిల్లీసెకన్లకు 1.1 మిల్లీమీటర్ల వ్యాప్తి. బాగానే కనిపిస్తుంది. కానీ మీరు చేరాల్సింది 20 మైక్రోకెల్విన్ దగ్గరికి. దానికి వేగం సెకనుకు 4.4 సెం.మీ. మొదటి వెడల్పు 1 మిల్లీమీటరు అనుకుంటే 9 మిల్లీసెకన్లకు 1.08 అవుతుంది, అంతే. ఆ 8 శాతం మార్పులోంచి ఉష్ణోగ్రత తీస్తే 10 రావచ్చు, 40 రావచ్చు. కాబట్టి 20 మిల్లీసెకన్ల దాకా వెళ్లండి. అప్పటికి మేఘం 2 మిల్లీమీటర్లు కిందకి పడుతుంది, ఫ్రేమ్‌లో చోటు చూసుకోండి.

ఆ పడటం మీకు ఉపయోగమే. కెమెరా మాగ్నిఫికేషన్‌ని స్కేలు పెట్టి కొలిచినదానికన్నా గురుత్వంతో కొలిచినది నమ్మదగినది. మేఘ కేంద్రం స్థానాన్ని కాలంతో గీసి, వర్గ పదం గుణకాన్ని 9.8లో సగానికి సరిపెట్టండి. పిక్సెల్‌కి ఎన్ని మైక్రాన్లో తేలుతుంది. మాగ్నిఫికేషన్ 10 శాతం తప్పితే ఉష్ణోగ్రత 20 శాతం తప్పుతుంది.

వెడల్పు వర్గాన్ని కాలం వర్గంతో గీసి చూడండి, మూడు బిందువులు కాదు, కనీసం ఏడెనిమిది. సరళ రేఖ రావాలి. మొదట్లో చదునుగా ఉండి తర్వాత ఎక్కితే కేంద్రంలో సాంద్రత ఎక్కువై చిత్రం సంతృప్తమైందని అర్థం. చివర్లో పైకి వంగితే టైమ్ ఆఫ్ ఫ్లైట్ (కాంతి ఆపి మేఘాన్ని వదిలినప్పటి నుంచి ఫొటో దాకా) సమయంలో కాంతి లీకవుతోంది.

ఈ లీకు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఏఓఎం ఆర్‌ఎఫ్ ఆపితే కాంతి పూర్తిగా ఆగదు. రెజోనెన్స్ మీద ఉన్న ఇమేజింగ్ కిరణం నుంచి సెం.మీ. చదరానికి ఒక్క మైక్రోవాట్ లీకైనా, 10 మిల్లీసెకన్లలో అణువుకి 50 ఫోటాన్ల దాకా తగులుతాయి. ఒక్కో ఫోటాన్ సెకనుకు 5.9 మిల్లీమీటర్ల వేగం ఇస్తుంది, అన్నీ ఒకే దిశలో. అంటే సెకనుకు 30 సెం.మీ. మీ పక్కవాటు కదలిక 10 మాత్రమే! కాబట్టి బయాస్ కాయిల్స్ ముట్టుకునే ముందు అన్ని కిరణాలకీ మెకానికల్ షటర్ పెట్టి, ఆ కదలిక పోయిందేమో చూడండి. షటర్ మూసుకోడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యాన్ని ఫోటోడయోడ్‌తో కొలిచి, అంత ముందుగా ట్రిగ్గర్ ఇవ్వాలి. షటర్‌ని ఆప్టికల్ టేబుల్‌కి నేరుగా బిగిస్తే దాని దెబ్బకి లేజర్ లాక్ ఊడుతుంది. రబ్బరు మీద, లేదా టేబుల్‌ని తాకని స్టాండ్ మీద పెట్టండి.

ఫ్లోరసెన్స్ ఫొటోకి కాంతి 200 మైక్రోసెకన్లు మించనివ్వకండి. ఆరు కిరణాలూ వేసి 5 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే మేఘం ఆ కాంతిలోనే మళ్లీ చల్లబడుతుంది, జరుగుతుంది. అప్పుడు మీరు కొలిచేది ఆ కొత్త మేఘాన్ని.

సాంద్రత వల్ల వేడెక్కుతోందేమో తెలుసుకోడానికి సులువైన పరీక్ష: లోడింగ్ 3 సెకన్ల నుంచి 0.3 సెకన్లకి తగ్గించండి. అణువు వదిలిన ఫోటాన్‌ని పక్క అణువు మింగడం వల్ల వచ్చే వేడి అణువుల సంఖ్యతో పెరుగుతుంది. తక్కువ అణువులతో ఉష్ణోగ్రత దిగితే అదీ ఒక కారణమే. దిగకపోతే ఆ తలుపు మూసేయొచ్చు.

బూడిదరంగు

795 నానోమీటర్ల డీ1 మీద గ్రే మొలాసెస్ చూడండి. చల్లబడిన అణువు డార్క్ స్టేట్‌లోకి (కాంతిని మింగని స్థితి) పోతుంది కాబట్టి సాంద్రత సమస్య తగ్గుతుంది, ఉష్ణోగ్రత కూడా బాగా దిగుతుంది. డైపోల్ ట్రాప్ లోడింగ్‌కి చాలా అనువైనది.

తీగచుట్ట

@బూడిదరంగు: పద్ధతి మంచిదే, కానీ దీనికి ఇప్పుడు కాదు. 795 కోసం ఇంకో లేజర్, ఇంకో లాక్ కావాలి. పైగా డార్క్ స్టేట్‌కి కూడా మిగులు క్షేత్రం శత్రువే. క్షేత్రం సున్నా కాకుండా డీ1 వేసినా ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది. 1988లో గేథర్స్‌బర్గ్‌లో విలియం ఫిలిప్స్ బృందం సోడియంని 40 మైక్రోకెల్విన్‌కి, అంటే 240 ఉన్న డాప్లర్ హద్దు కన్నా ఎంతో కిందకి దించింది మామూలు మొలాసెస్‌తోనే. రుబీడియం ఎక్సైటెడ్ స్థాయిలో ఎఫ్'=3కీ ఎఫ్'=2కీ మధ్య 267 మెగాహెర్ట్జ్ ఖాళీ ఉంది. మైనస్ 50, మైనస్ 60 దాకా హాయిగా వెళ్లొచ్చు. డీ2తోనే 20 మైక్రోకెల్విన్ లోపు రావాలి.

ఏఓఎం_మూల

ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోనిది ఒకటి ఉంది. "సీడ్‌ను నాలుగో వంతు చేస్తున్నాం" అని రాశారు. అణువుల దగ్గర పవర్ నాలుగో వంతు అవ్వట్లేదు.

టేపర్డ్ యాంప్లిఫయర్ సంతృప్తిలో పనిచేస్తుంది. సీడ్ 20 మిల్లీవాట్ల నుంచి 5కి దించినా అవుట్‌పుట్ ఆ నిష్పత్తిలో పడదు, చాలా తక్కువగా పడుతుంది. పడినదాంట్లో కూడా స్పాంటేనియస్ ఎమిషన్ వాటా పెరుగుతుంది, అంటే పనికిరాని తరంగదైర్ఘ్యాల్లో కాంతి. ఇంకో ప్రమాదం: సీడ్ లేకుండా, లేదా చాలా తక్కువ సీడ్‌తో పూర్తి కరెంటు మీద నడిపితే చిప్ పాడవుతుంది. టైమ్ ఆఫ్ ఫ్లైట్‌లో మీరు "కాంతి అంతా ఆపి" అంటున్నది ఈ ఏఓఎంతోనే అయితే, ప్రతి సైకిల్‌లోనూ యాంప్లిఫయర్ సీడ్ లేకుండా నడుస్తోంది. ముందు అది మానండి.

దీని మీద ఇంకో తప్పు కలుస్తోంది. 1-3 క్రాసోవర్ ఎఫ్'=3 కన్నా 211.8 మెగాహెర్ట్జ్ కింద ఉంటుంది. మైనస్ 15 కావాలంటే డబుల్ పాస్ ఏఓఎం 98.4 మెగాహెర్ట్జ్ మీద నడవాలి, మైనస్ 50కి 80.9. మీ ఏఓఎం మధ్య ఫ్రీక్వెన్సీ 80. అంటే ట్రాప్ సమయంలో అది అంచున తక్కువ సామర్థ్యంతో ఉంది, మొలాసెస్‌లోకి వెళ్లగానే సరిగ్గా మధ్యకి వచ్చి సామర్థ్యం పెరుగుతోంది. మీరు ఆర్‌ఎఫ్ తగ్గిస్తున్నారు, అది అటు పెంచుతోంది, యాంప్లిఫయర్ మిగిలిన తేడాని చదును చేస్తోంది. ఫైబర్ తర్వాత ఒక ఫోటోడయోడ్ పెట్టి మొలాసెస్ వరుస నడుస్తుండగా పవర్ చూడండి, అసలు ఎంత పడుతోందో తెలుస్తుంది. సబ్-డాప్లర్ ఉష్ణోగ్రత తీవ్రతకి అనుపాతంలో, డిట్యూనింగ్‌కి విలోమంగా ఉంటుంది. పవర్ పడకపోతే సగం మందు ఇవ్వనట్టే.

పరిష్కారానికి కొత్త లేజర్ అక్కర్లేదు. యాంప్లిఫయర్ తర్వాత, ఫైబర్‌కి ముందు ఇంకో 80 మెగాహెర్ట్జ్ ఏఓఎం సింగిల్ పాస్‌లో పెట్టి, మైనస్ 1 ఆర్డర్ (ఫ్రీక్వెన్సీ 80 మెగాహెర్ట్జ్ తగ్గిన కిరణం) తీసుకోండి. లాక్‌ని 2-3 క్రాసోవర్‌కి మార్చండి. అది ఎఫ్'=3 కన్నా 133.25 కింద ఉంటుంది, ఆ గుంపులో అన్నిటికన్నా బలమైన సిగ్నల్ కూడా అదే. ఇప్పుడు లెక్క: మైనస్ 133.25, మైనస్ 80, ప్లస్ డబుల్ పాస్. మైనస్ 15కి మొదటి ఏఓఎం 99.1 మీద, మైనస్ 50కి 81.6 మీద. దాదాపు మీ పాత అంకెలే, డబుల్ పాస్ అలైన్‌మెంట్ కదిలించే పని కూడా పెద్దగా ఉండదు. పవర్ తగ్గించడం, ఆపడం అంతా రెండో ఏఓఎం చూసుకుంటుంది, దాని ఫ్రీక్వెన్సీ మారదు కాబట్టి ఫైబర్ కప్లింగ్ కదలదు. సీడ్ ఎప్పుడూ పూర్తిగా ఉంటుంది.

కొత్త ఏఓఎం క్రిస్టల్‌లో కిరణం వ్యాసాన్ని దాని డేటాషీట్ చూసి పెట్టండి. యాంప్లిఫయర్ వందల మిల్లీవాట్లని మరీ సన్నగా ఫోకస్ చేయక్కర్లేదు. ఇక్కడ మైక్రోసెకను లోపు స్విచింగ్ మీకు చాలు.

పవర్‌ని ఒక్కసారిగా దించకండి. డిట్యూనింగ్‌ని 1 మిల్లీసెకనులో మైనస్ 50కి తీసుకెళ్లి, తర్వాత పవర్‌ని 3 నుంచి 5 మిల్లీసెకన్లలో నిదానంగా పదో వంతు దాకా దించండి. ఏదో ఒక చోట ఉష్ణోగ్రత దిగడం ఆగి, అణువులు పోవడం మొదలవుతుంది. కాంతి కట్టిన లోయల లోతు సరిపోని చోటు అది. దానికి కాస్త పైన ఆపాలి.

చల్లని_అణువు

అందరికీ చాలా కృతజ్ఞతలు. చెప్పిన వరుసలోనే చేసిన ఫలితాలు ఇవి.

షటర్లు పెట్టాక పక్కవాటు కదలికలో మార్పు లేదు, కాబట్టి లీకు కాదు. గురుత్వంతో మాగ్నిఫికేషన్ తీస్తే పాత విలువ 4 శాతం ఎక్కువని తేలింది. లోడింగ్ 0.3 సెకన్లకి తగ్గిస్తే ఉష్ణోగ్రత దిగలేదు.

సప్రెసర్, 200 వోల్టుల మాస్‌ఫెట్ వేశాక కరెంటు 0.15 మిల్లీసెకన్లలో పోతోంది. పికప్ కాయిల్‌లో తోక 4 మిల్లీసెకన్ల దాకా కనిపిస్తోంది, అది ఎడ్డీనే అనుకుంటున్నాను. 5 మిల్లీసెకన్లు మైనస్ 20 దగ్గర కాంతి ఉంచి ఆగి, తర్వాత మొలాసెస్ వేస్తే 70 మైక్రోకెల్విన్. బయాస్ కరెంటుకి, కదలిక వేగానికి మధ్య చక్కటి సరళ రేఖ వచ్చింది. క్షితిజ సమాంతర దిశలు రెండిట్లోనూ సున్నా చేశాక 45.

ఫోటోడయోడ్ చూస్తే మొలాసెస్‌లో పవర్ నాలుగో వంతు కాదు, 70 శాతం దగ్గరే ఉంది. రెండో ఏఓఎం పెట్టి, 2-3 క్రాసోవర్‌కి లాక్ మార్చి, పవర్‌ని పదో వంతు దాకా ర్యాంప్ చేస్తే, 20 మిల్లీసెకన్ల టైమ్ ఆఫ్ ఫ్లైట్‌తో సమాంతర దిశలో 17 మైక్రోకెల్విన్.

నిలువు దిశలో మాత్రం 38. కాయిల్స్ అక్షం నిలువే. ఇది ఎక్కడి నుంచి వస్తోంది?

కెల్విన్_లెక్క

నిలువు దిశలో కదలిక గురుత్వంలో కలిసిపోతుంది కాబట్టి చాలామంది దాన్ని చూడకుండా వదిలేస్తారు. మీ దగ్గర కేంద్రం స్థానాల డేటా ఉందిగా. ఈసారి వర్గ పదాన్ని 9.8లో సగానికి కట్టేసి, కాలంతో సరళంగా మారే పదాన్ని విడిగా తీయండి. అదే మొలాసెస్ ఆపిన క్షణాన నిలువు వేగం. సున్నా కాకపోతే నిలువు బయాస్ కరెంటు ఇంకా సరిగ్గా లేదు. మాగ్నిఫికేషన్‌ని కూడా గురుత్వంతోనే తీశారు, రెండూ ఒకే ఫిట్‌లో వదిలితే ఒకదాని తప్పు ఇంకోదాంట్లోకి పోతుంది. మాగ్నిఫికేషన్‌ని ముందు ఒకసారి తేల్చి స్థిరంగా ఉంచండి.

తీగచుట్ట

నిలువు బయాస్ సరిచేశాక కూడా తేడా ఉంటే రెండు చోట్ల వెతకాలి.

ఒకటి ఎడ్డీ తోక. పైనా కిందా ఉన్న గుండ్రటి ఫ్లాంజ్‌లు మీ కాయిల్స్‌కి ఎదురుగా ఉన్నాయి. వాటిలో పుట్టే కరెంట్లు అక్షం వెంట ఎక్కువ గ్రేడియెంట్ ఇస్తాయి, సమాంతర దిశకి రెట్టింపు. అందుకే నిలువు దిశ ఆలస్యంగా శాంతిస్తుంది. ఆగే సమయాన్ని 5 నుంచి 8, 12 మిల్లీసెకన్లకి పెంచి నిలువు ఉష్ణోగ్రత చూడండి. దిగితే అదే. స్టీల్ ఫ్లాంజ్ మార్చలేరు కాబట్టి, లోడింగ్ చివర్లో గ్రేడియెంట్‌ని 12 నుంచి 5కి దించి అక్కడి నుంచి ఆపండి. తక్కువ కరెంటు నుంచి ఆపితే తోక కూడా ఆ మేరకు చిన్నదవుతుంది.

రెండోది నిలువు కిరణం పోలరైజేషన్. ట్రాప్ కొంత దీర్ఘవృత్తాకార పోలరైజేషన్‌ని క్షమిస్తుంది, మొలాసెస్ క్షమించదు. క్వార్టర్ వేవ్ ప్లేట్ (సరళ పోలరైజేషన్‌ని వృత్తాకారం చేసేది) తర్వాత అద్దం ఏదీ ఉండకూడదు. 45 డిగ్రీల డైఎలెక్ట్రిక్ అద్దం రెండు పోలరైజేషన్లకీ వేర్వేరు ఫేజ్ ఇస్తుంది, వృత్తాకారం పాడవుతుంది. నిలువు కిరణాన్ని కింద నుంచి పైకి తిప్పడానికి అద్దం వాడతారు కాబట్టి తప్పు జరిగేది ఎక్కువగా అక్కడే. ప్లేట్‌ని ఆ అద్దం తర్వాతకి మార్చండి. తనిఖీకి: ప్లేట్ తర్వాత ఒక పోలరైజర్ తిప్పుతూ పవర్ చూడండి, అత్యధికానికీ అత్యల్పానికీ తేడా 5 శాతం లోపు ఉండాలి.

రెట్రో అద్దం ముందు ఉన్న ప్లేట్ కోణం గురించి కంగారు పడక్కర్లేదు. వృత్తాకార కాంతికి అది ఏ కోణంలో ఉన్నా తిరిగి వచ్చేటప్పుడు సరైన దిశలోనే వస్తుంది. ప్లేట్ నిజంగా 780కి చేసినదై, కిరణానికి నిటారుగా ఉంటే చాలు. తేడా ఇచ్చేవి కిటికీలు. వ్యూపోర్ట్ బోల్టులు ఒకవైపు ఎక్కువ బిగిస్తే గాజులో ఒత్తిడి వచ్చి అది కూడా వేవ్ ప్లేట్‌లా ప్రవర్తిస్తుంది. వాక్యూమ్ ఉండగా బోల్టులు వదులు చేయకండి, లీకవుతుంది. ఎంత పాడవుతోందో తెలుసుకోడానికి, కింద కిటికీలోంచి వెళ్లి పై కిటికీలోంచి బయటికొచ్చిన కిరణాన్ని పోలరైజర్‌తో చూడండి. ప్రవేశంలో బాగుండి ఇక్కడ 10 శాతం పైన ఉంటే, ముందున్న క్వార్టర్ వేవ్ ప్లేట్‌కి తోడు ఒక హాఫ్ వేవ్ ప్లేట్ పెట్టి, అణువుల దగ్గర ఉష్ణోగ్రతే చూస్తూ రెండిట్నీ కొద్దికొద్దిగా తిప్పి సరిచేయాలి.

చల్లని_అణువు

నిలువు కిరణంలో ప్లేట్ 45 డిగ్రీల అద్దానికి ముందే ఉంది. అద్దం తర్వాతకి మార్చి, గ్రేడియెంట్‌ని 5కి దించి ఆపితే నిలువు 21, సమాంతరం 16. ఇక డైపోల్ ట్రాప్ లోడింగ్. 1064 కిరణాన్ని మొలాసెస్ మొదలు నుంచే వెలిగించి ఉంచాలా, చివర్లోనా?

ఏఓఎం_మూల

మొదటి నుంచే. డైపోల్ ట్రాప్‌కి దానంతట అది చల్లబరిచే శక్తి లేదు. మొలాసెస్ నడుస్తుండగా లోపలికి వచ్చిన అణువు అక్కడే శక్తి పోగొట్టుకుంటేనే నిలుస్తుంది. 200 మైక్రోకెల్విన్ లోతు అంటే గ్రౌండ్ స్థాయి సుమారు 4 మెగాహెర్ట్జ్ దిగుతుంది, ఎక్సైటెడ్ స్థాయి కూడా జరుగుతుంది. మైనస్ 15 దగ్గర ఇది పెద్ద తేడా, మైనస్ 50 దాటాక పట్టించుకోనక్కర్లేదు. ఇంకా దూరం, మైనస్ 80 దాకా వెళ్లి చూడండి.

చివరి 20, 30 మిల్లీసెకన్లలో రీపంప్‌ని వందో వంతుకి దించండి. అణువులు ఎక్కువసేపు ఎఫ్=1లో ఉంటాయి, కాంతి వల్ల జరిగే ఢీకొట్టుడు నష్టాలు తగ్గుతాయి. ముగింపులో రీపంప్‌ని కూలింగ్ కన్నా 1 మిల్లీసెకను ముందే ఆపండి, అణువులన్నీ ఎఫ్=1కి చేరాలి. అవి ఎఫ్=2లో మిగిలిపోతే ఒకదాన్నొకటి ఢీకొని ఎఫ్=1కి పడేటప్పుడు 6.8 గిగాహెర్ట్జ్ శక్తి, అంటే 0.3 కెల్విన్ పైనే, బయటికొస్తుంది. 200 మైక్రోకెల్విన్ లోతున్న ట్రాప్‌లోంచి రెండు అణువులూ ఎగిరిపోతాయి. రీపంప్ లేజర్‌కి కూడా సొంత షటర్ ఉండాలి, లీకు వందల మిల్లీసెకన్ల నిల్వలో ఎఫ్=2లోకి తెచ్చిపెడుతుంది.